మీ తర్వాత ఎవరు?

"ఎవరూ లేరన్నారా? మరి నేనెవర్ని?"

టైలరమ్మ కుట్టుమిషను ఆపి ఆ మాట అడిగేసరికి గదిలో నవ్వు ఆగిపోయింది. అంతసేపూ ఇద్దరు నవ్వుతున్నారు. నవ్విస్తున్నది ఆమె మొగుడు. బస్సుల వర్క్‌షాపులో ఈ నెలతోనే రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా వీధిలో అందరూ ఇంకా ఫోర్‌మన్ అనే పిలుస్తున్నారు. నవ్వుతున్నది అతని అక్కగారు, మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరిన మనిషి.

పెన్షను ఆఫీసునుంచి సాయంత్రం టీ వేళకి ఇల్లు చేరిన ఫోర్‌మన్, గ్లాసు చేతికి రాగానే అక్కడ జరిగిన వింత మొదలుపెట్టాడు. కౌంటర్లో గుమాస్తా అద్దం వెనకనుంచి, "మీ తర్వాత ఎవరు?" అని అడిగాడట. ఏళ్ళ తరబడి ఇంజన్ల మోతలో నలిగిన చెవులు. పైగా ఆ అద్దానికి అరచెయ్యంత కన్నం. ఈయన వెనక్కి తిరిగి చూశాడట. వరసలో ఇంకెవరూ లేరు. "ఎవరూ లేరండీ, నేనే ఆఖరు" అన్నాడట. గుమాస్తా తల ఊపి ముద్ర గుద్దేశాడట.

తీరా బయటికొచ్చాక తెలిసిందట, అతను అడిగింది వరస సంగతి కాదు, ఈయన కాలం చేశాక పెన్షను ఎవరికి చెందాలని.

"సరిపోయింది! పెళ్ళాం పేరడిగితే వరస చూసొచ్చావా!" అని అక్కగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

టైలరమ్మకి నవ్వు రాలేదు.

"నవ్వుకోడానికి చెప్పానే, దెబ్బలాడ్డానికి కాదు," అన్నాడు ఫోర్‌మన్.

"నవ్వు తర్వాత నవ్వుకుందాం. ఆ ముద్ర పడితే ఏమవుతుందో చెప్పండి."

ఫోర్‌మన్ నీళ్ళు నమిలాడు. టీ తాగాడు. గ్లాసు అడుగున ఏముందో చూశాడు. అప్పుడు చెప్పాడు. పెన్షను రెండు రకాలు. ఒంటి పెన్షను నిండుగా వస్తుంది, కాని మనిషితోపాటే పోతుంది. జంట పెన్షను నాలుగో వంతు తక్కువ. మొగుడూ పెళ్ళాల్లో ఎవరు మిగిలినా వాళ్ళు కన్నుమూసేదాకా వస్తుంది. ఇవాళ పడ్డది ఒంటి పెన్షను ముద్ర.

"అంటే రేపు మీకేదైనా అయితే ఈ ఇంట్లోకి పైసా రాదు."

"శుభమా అని రిటైరైతే ఆ మాటలేమిటి?"

"మార్చుకోవచ్చా, కూడదా?"

"రేపు సాయంత్రం కౌంటరు మూసేలోపు మార్చుకోవచ్చట."

"అయితే మార్చండి."

అంతటితో అయిపోవలసిన మాట అది. పొరపాటు జరిగింది, దిద్దుకుంటే సరి. కాని ఫోర్‌మన్ సరేననలేదు. అక్కవైపు చూశాడు. ఇంటి విషయం ఏదొచ్చినా అతను పెళ్ళాంవైపు చూసేవాడు. ఇవాళ కళ్ళు ఎందుకో అటు తిరిగాయి. టైలరమ్మ అది కనిపెట్టింది.

"నాలుగో వంతంటే మాటలా?" అంది అక్కగారు, చేతిలో గ్లాసు కింద పెట్టి. "అద్దె చూడు, మందుల ఖరీదు చూడు. ముగ్గురం తినాలి. పొరపాటో గిరపాటో, మంచే జరిగింది. దేవుడే ఆ గుమాస్తా నోట అలా పలికించాడు."

"దేవుడు ఆ కౌంటర్లో ఎప్పుడు చేరాడు వదినా?"

"ఎకసెక్కాలు కాదమ్మాయ్. చేతిలో పడ్డదే డబ్బు. రేపటికోసమని మా ఆయన నెలనెలా ఒక కంపెనీకి కట్టాడు. కట్టినవాడూ పోయాడు, కంపెనీకీ తాళం పడింది. తాళం ముందు నిలబడి ఏడ్చింది నేను. రేపు రేపని ఇవాళ నోరు కట్టుకోవడమెంత తెలివితక్కువో నాకు తెలుసు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. టైలరమ్మ కాదనలేదు కూడా. కాని నిజం ఒక్కటే ఉంటే ఇళ్ళల్లో తగువులెందుకొస్తాయి?

"నిజమే వదినా. మీరు ఒక్క పెట్టె పట్టుకుని ఈ గుమ్మం ఎక్కారు. అన్నం పెట్టడానికి మీకు తమ్ముడున్నాడు. నాకు తమ్ముడు లేడు, పిల్లలు లేరు. నేను పెట్టె పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కాలి?"

అక్కగారు మూతి ముడుచుకుంది. ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసే?"

టైలరమ్మ మిషను మీదున్న కోటు తీసి, కుట్టు విప్పిన పక్కని అతని మొహం ముందు పెట్టింది.

"చూడండి. ఇది కుట్టినవాడు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలాడు. ఈ మనిషి లావెక్కుతాడని వాడికి కలొచ్చిందా? తెలియదు కనకే వదిలాడు. తెలిస్తే కొలతకి కత్తిరించేవాడు. రేపు తెలియదని మీరూ అంటున్నారు, నేనూ అంటున్నాను. తెలియదు కాబట్టి నాకేమీ వద్దని మీరు. తెలియదు కాబట్టే నాకు కాస్త ఉండాలని నేను."

"నీకు మిషనుంది కదా!" అన్నాడు ఫోర్‌మన్.

అనకుండా ఉండాల్సింది.

"ఉంది," అంది టైలరమ్మ. "వర్క్‌షాపుకి తాళం పడ్డ ఏడాది మీరు ఆ కిటికీ పక్కన కూచుని పేపరు చదివారు. ఈ మిషను ఇంటిని మోసింది. అప్పుడు దీన్ని మన మిషను అన్నారు. ఇవాళ నా మిషను అయిందా? దాన్ని తొక్కడానికి కాళ్ళుండాలి, దారం ఎక్కించడానికి కళ్ళుండాలి. డెబ్భయ్యేళ్ళకి నేను ఎవరి ప్యాంట్లు పొట్టిచేసి బతకాలి?"

అక్కగారు గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. మూడు గ్లాసులు కడగడానికి అంత నీళ్ళచప్పుడు అవసరం లేదు.

రాత్రి భోజనాల దగ్గర గిన్నెలు చేతులు మారుతున్నాయి, కళ్ళు కలవడం లేదు. ఫోర్‌మన్ అన్నం కలుపుతున్నాడు గాని తినడం లేదు. ఆ వాటం టైలరమ్మకి తెలుసు. తప్పు చేసినప్పుడు అతనికి ఆకలి చచ్చిపోతుంది. వట్టి పొరపాటైతే ఈపాటికి రెండోసారి వడ్డించుకునేవాడు.

అక్కగారే ముందు నోరు విప్పింది. సర్దిచెబుదామనే మొదలుపెట్టింది పాపం.

"అమ్మాయ్, కోపం పక్కన పెట్టి విను. ఇలాంటివి ఎవరి ఒళ్ళు ఎలా ఉందో చూసుకుని తేల్చుకోవాలి. వాడు గుండ్రాయి. తుమ్మైనా తుమ్మి ఎరగడు. నువ్వా..."

ఆగిపోయింది. చేతిలో గరిటె కూడా ఆగిపోయింది.

"నేనా?" అంది టైలరమ్మ.

"ఏం లేదు. తిను."

"నేనా? చెప్పండి వదినా."

"అక్కా, నువ్వు ఊరుకో," అన్నాడు ఫోర్‌మన్. అతని గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

టైలరమ్మ చెయ్యి గొంతుమీదికి వెళ్ళింది. పోయినేడు అక్కడ చిన్న గడ్డ కోసి తీశారు. దారమంత మచ్చ మిగిలింది. కోత మానాక చూపించుకోవడానికి వెళ్ళిన రోజున నర్సు ముందుగా డాక్టరు గదిలోకి ఫోర్‌మన్నే పిలిచింది. టైలరమ్మ బయట కుర్చీలో కూచుంది. తలుపు వేసి ఉంది. అతను నవ్వుమొహంతో బయటికొచ్చి, "అంతా బాగుందన్నాడు," అని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను వీధిలో ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆ రోజంతా ఆమె మనసు దూదిపింజలా తేలింది.

"డాక్టరు మీతో ఏమన్నాడు?"

"ఎప్పుడు?"

"మీకు తెలుసు ఎప్పుడో."

ఫోర్‌మన్ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నాడు."

"ఊఁ. ఇంకా?"

"అంతే."

"ఇంకేమీ అనలేదా? మళ్ళీ వస్తుందనో, రాదనో, ఇన్నాళ్ళనో?"

"అంతేనే. ఏమీ చెప్పలేం, చూద్దాం అన్నాడు. ఒట్టు."

టైలరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అక్కగారు తల దించుకుంది. అంటే ఆవిడకీ తెలుసు. ఏడాదిగా ఈ ఇంట్లో ఇద్దరికి తెలిసిన సంగతి, ఎవరి గొంతు కోశారో ఆ మనిషికి తెలియదు.

"ఏమీ చెప్పలేం అంటే ఏమిటండీ? తెలియదని. పోతుందని కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, జబ్బు తేలలేదు, డాక్టరు చెప్పలేదు, మీరిద్దరూ కలిసి నా చావుకి ముహూర్తం పెట్టేశారా?"

"అపభ్రంశపు మాటలు మాట్లాడకు!"

"మాట అంటే తప్పొచ్చిందా? ముద్ర గుద్దించుకొచ్చినప్పుడు రాలేదా?"

"నిన్ను భయపెట్టడమెందుకని దాచాను. నీమీద ప్రేమతోనే కదా..."

"నా గొంతు, నా కోత, నా భయం. నా భయం నేను పడేదాన్ని. దాన్ని కూడా మీరే పడి, మీరే తీర్పు చెప్పి, నన్ను లెక్కలోంచి కొట్టేశారు."

ఆమెకి అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. ఏడాదిగా వదిన పొద్దున్నే వేణ్ణీళ్ళు కాచి పెడుతోంది. మొగుడు సాయంత్రాలు షికారుకి తీసుకెళ్తున్నాడు. ఆమె చిన్నమాట అన్నా ఇద్దరూ ఎదురు చెప్పడం లేదు. వయసు మీదపడ్డాక ఈ ఇంటికి మంచి బుద్ధి వచ్చిందనుకుని ఆమె మురిసిపోయింది. అదంతా సాగనంపడానికి చేస్తున్న మర్యాదని ఇప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది గాని, ఏడిస్తే మళ్ళీ జాలిపడతారని మింగేసింది.

"రేపు నేనూ వస్తున్నాను," అని లేచింది.

పెన్షను ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గాని పనిచెయ్యదు. రిటైరైనవాళ్ళకోసం పెట్టిన ఆఫీసు మరి, వాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయో మెట్లే పరీక్ష చేస్తాయి. హాల్లో గోడపొడుగునా బల్లలు వేశారు. ఏళ్ళుగా జనం తలలు ఆన్చి ఆన్చి గోడమీద వరసగా జిడ్డు మచ్చలు తేలాయి. కౌంటర్లో పెన్నుని ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టేశారు. దారం పొట్టిది కావడంతో సంతకం పెట్టేవాళ్ళు అద్దానికి ముక్కు ఆన్చాల్సి వస్తోంది.

మర్నాడు మొగుడూ పెళ్ళాం బస్సులో వచ్చారు. మెట్ల మలుపులో ఫోర్‌మన్ ఆగి, "నేనే చూసుకుంటాలే, నువ్వు కూచో," అన్నాడు.

"కూచున్నాను కదా, పోయినేడు. చాలు," అంది టైలరమ్మ.

వాళ్ళ వంతు వచ్చింది. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని ఫోర్‌మన్ని గుర్తుపట్టాడు. వెనకున్న ఆమెను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఈవిడెవరండీ?"

"మా ఆవిడ."

"అదేమిటి! ఎవరూ లేరన్నారుగా?"

"ఆయనకి వరస అని వినబడిందిట," అంది టైలరమ్మ. ఎంత కోపంలో ఉన్నా పరాయివాడి ముందు మొగుణ్ణి వెనకేసుకు రాబోయింది. అలవాటు. "చెవులు కాస్త మందం. అందుకని పొరపాటు జరిగింది. దిద్దుకుందామని వచ్చాం."

గుమాస్తా మొహం చిట్లించాడు. తప్పు తనమీదికి వస్తోందని అతనికి అనుమానం తగిలింది. ఆ అనుమానం తగిలిన గుమాస్తాకి జ్ఞాపకశక్తి పెరుగుతుంది.

"పొరపాటేం లేదమ్మా. ఆయన వెనక్కి తిరిగి చూస్తే నాకూ నవ్వొచ్చింది. వరస కాదండీ, మీ తదనంతరం పెన్షను ఎవరికి అని మళ్ళీ గట్టిగా అడిగాను. ఒంటికి ఎంతొస్తుందో, జంటకి ఎంతొస్తుందో చదివి వినిపించాను. కాసేపు ఆలోచించుకున్నారు. ఉండనివ్వండి, ఇదే బాగుంది అన్నారు. అప్పుడే ముద్ర వేశాను."

వెనక ఎవరో దగ్గారు. టైలరమ్మ అద్దంవైపే చూస్తూ ఉండిపోయింది. అందులో మొగుడి మొహం మసగ్గా కనబడుతోంది.

"మొదటిసారి నిజంగానే వినబడలేదు," అన్నాడు ఫోర్‌మన్, బూట్లకేసి చూస్తూ.

"రెండోసారి?"

అతను దారానికి కట్టిన పెన్నుని అటూ ఇటూ దొర్లించాడు.

"అడుగుతున్నాను. రెండోసారి వినబడిందా, లేదా?"

"వినబడింది."

ఇంటికొచ్చి తమాషా కథలా చెప్పి, అక్కగారిని నవ్వించి, పెళ్ళాన్ని కూడా నవ్వించేసి ఆ ముద్రని ఆ నవ్వుకింద దాచేద్దామనుకున్నాడు! టైలరమ్మకి చెవులు వేడెక్కాయి. డబ్బు తగ్గుతుందని మొహాన చెప్పి దెబ్బలాడి ఉంటే ఇంత మండేది కాదు. చెవిటితనాన్ని అడ్డం పెట్టుకున్నాడే, అందుకు మండింది.

"ఎందుకలా చేశారు?" ఆమె గొంతు పెంచలేదు. పెంచకపోయినా బల్లలమీద వాళ్ళంతా మాటలు ఆపేశారు.

"నువ్వు ఉన్నన్నాళ్ళు నిన్ను బాగా చూసుకుందామని... ఆ నాలుగో వంతు ఉంటే మంచి మందులు కొనొచ్చు, నువ్వు మిషను మానెయ్యొచ్చు అని..."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకి తెలిసింది. దాంతో కోపం తగ్గాల్సింది, రెట్టింపైంది. బతికినన్నాళ్ళు బాగా చూసుకుంటాడట. ఎన్నాళ్ళో కూడా ఆయనే తేల్చేశాడు.

"మార్చమంటారా, వద్దా? వెనక జనం ఉన్నారు," అన్నాడు గుమాస్తా.

"మార్చమంటారు," అంది టైలరమ్మ.

"ఆయన చెప్పాలమ్మా. పెన్షను ఆయనది."

ఫోర్‌మన్ తలెత్తాడు. పెళ్ళాం మొహం చూశాడు. ఆ మొహంలో బతిమాలడం లేదు.

"మార్చండి," అన్నాడు.

టైలరమ్మ ఊపిరి వదలబోయింది.

"అయితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి," అన్నాడు గుమాస్తా.

వదలబోయిన ఊపిరి అక్కడే ఆగింది. ఆమె అద్దం కన్నం దగ్గరికి వంగింది.

"నేను బతుకుతానని రాయించుకు రావాలా? ఎవరు రాసిస్తారండీ? మీకెవరైనా రాసిచ్చారా, మీరు సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరతారని? ఒంటి పెన్షనని నన్ను కొట్టేసినప్పుడు ఏ సర్టిఫికెట్టూ అడగలేదే! నన్ను చేర్చుకోడానికి అడుగుతారా?"

"అయ్యో, మీది కాదమ్మా!" అన్నాడు గుమాస్తా, బెదిరిపోయి. "మీ ఆరోగ్యంతో మాకు పనిలేదు. ఆయనది కావాలి."

"ఎవరిది?" అన్నాడు ఫోర్‌మన్.

"మీదేనండీ. ఒకసారి ఒంటి ముద్ర పడ్డాక జంటకి మారాలంటే మనిషికి ఏ జబ్బూ లేదని డాక్టరు పరీక్షచేసి రాసివ్వాలి. లేకపోతే గుండెలో నొప్పొచ్చిన మర్నాడే అందరూ పెళ్ళాల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి పరిగెత్తుకొస్తారు. అలా వచ్చినవాళ్ళున్నారు కనకే ఆ రూలు. గుండె, నెత్తురు, ఊపిరితిత్తులు అన్నీ చూపించుకోండి. వీధి చివర ఆసుపత్రి ఉంది. సాయంత్రం కౌంటరు మూసేలోపు తెస్తే మారుస్తాను. తేకపోతే ఇదే ఖాయం. తర్వాతి వాళ్ళు రండి."

ఇద్దరూ పక్కకి జరిగారు. ఫోర్‌మన్ బల్లమీద కూలబడ్డాడు.

అతను ఎప్పుడూ డాక్టరు ముందు చొక్కా విప్పినవాడు కాదు. అవసరం రాలేదని ఇంట్లో అందరూ అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. ఒంట్లో ఏముందో ఎవరూ చూడకపోవడాన్నే ఆరోగ్యం అనుకుని ఇన్నాళ్ళు గడిపేశాడు. ఇప్పుడు అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"ఇవాళే వెళ్ళాలంటావా?" అన్నాడు.

"కౌంటరు ఇవాళే మూస్తారు."

"కాదే... నాకేం ఉంటుందిలే. అయినా ఎందుకొచ్చిన పరీక్షలు? లేనిపోనివి తవ్వుతారు." పక్కవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "ఒకవేళ ఆ డాక్టరు ఏదైనా అంటే?"

టైలరమ్మకి జాలేసింది. జాలితోపాటు కోపమూ తగ్గలేదు. రెండూ ఒకే గొంతులో ఇమిడాయి.

"లోపలికి మీతో నేనూ వస్తాను. ఆయన ఏమన్నాడో విన్నది విన్నట్టు మీకు చెప్తాను. అంతా బాగుందని మాత్రం అబద్ధమాడను. లేవండి."

ఫోర్‌మన్ లేవలేదు.